మారతహళ్ళి వీకెండ్ పాలిటీ బ్యాచ్, పార్లమెంటు మాడ్యూల్: ఐదుకి నాలుగు

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-1కో సివిల్స్‌కో తెలుగులో ప్రిపేర్ అయ్యేవాళ్ళ కోసం, ఒక పాలిటీ (రాజ్యాంగం, పాలనా వ్యవస్థ సబ్జెక్టు) కోచింగ్ క్లాసు గురించి ఈ రివ్యూ. ఒక మార్కు ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాశాను. లోపాలున్నాయి, వాటిలో ఒకటి పెద్దదే. అయినా చేరమనే చెప్తాను, ఎందుకంటే లోక్‌సభ, రాజ్యసభ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో, ఏ సభ ఎక్కడ రెండోదాన్ని ఆపగలదో, ఎక్కడ ఏమీ చేయలేదో ఇంత స్పష్టంగా చెప్పిన క్లాసు నేను ఇంకెక్కడా వినలేదు.

చోటు గురించి ముందు చెప్తా. మారతహళ్ళి బ్రిడ్జి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరం, లోపలి వీధి, కింద మందుల షాపు ఉన్న బిల్డింగ్‌లో రెండో అంతస్తు. బోర్డు లేదు, సెంటర్‌కి పేరు కూడా పెట్టలేదు, అందరూ 'సార్ క్లాస్' అనే అంటారు, సార్ పేరు ఆయన్ని అడక్కుండా నేనిక్కడ రాయను. చుట్టుపక్కల పీజీల్లో ఉండేవాళ్ళని అడిగితే చూపిస్తారు. శని, ఆదివారాలు ఉదయం ఏడింటికి మొదలైతే పదింటికి వదిలేస్తారు, కాబట్టి ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి కూడా కుదురుతుంది. పాలిటీ మొత్తానికి ఒకేసారి కట్టక్కర్లేదు, మాడ్యూల్‌కి ఇంత అని తీసుకుంటారు, పార్లమెంటు మాడ్యూల్‌కి రూ. 3,500. ఇంతకుముందు ఒక పెద్ద సెంటర్‌లో ఏడాది ఫీజు ముందే కట్టించుకుని, క్లాసులన్నీ ఇంగ్లీషు రికార్డింగులు ఇచ్చారు, మానేస్తామంటే పైసా వెనక్కి ఇవ్వలేదు. అందుకే మాడ్యూల్ పద్ధతి చూడగానే నాకు సగం టెన్షన్ పోయింది.

క్లాసులో కడప, అనంతపురం, ఖమ్మం, కరీంనగర్, హోసూరు వైపు తెలుగువాళ్ళు, అన్ని రకాలవాళ్ళూ ఉంటారు.

ఆర్టికల్ నంబర్లు బట్టీ పట్టించడంతో మొదలుపెట్టరు. మొదటి రోజు బోర్డు మీద ఒక్క ప్రశ్నే రాశారు: రెండో సభ లేకపోతే ఏమవుతుంది? మన తెలుగువాళ్ళకి ఇది పుస్తకంలో ప్రశ్న కాదు కదా. రాష్ట్రంలో రెండో సభ అయిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో వచ్చింది, 1985లో ఎన్టీఆర్ హయాంలో రద్దయింది, 2007లో మళ్ళీ వచ్చింది, 2020లో రద్దు చేయమని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021లో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు మండలి ఉన్న రాష్ట్రాలు ఆరు, వాటిలో మన రెండు రాష్ట్రాలూ, మనం బతుకుతున్న కర్ణాటకా ఉన్నాయి. ఇదంతా చెప్పించుకున్నాక సార్ అసలు సంగతికి వచ్చారు. మండలిని తీసేయాలంటే అసెంబ్లీలో ప్రత్యేక మెజారిటీతో, అంటే ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులతో, తీర్మానం చేసి పంపితే చాలు, ఆర్టికల్ 169 ప్రకారం పార్లమెంటు మామూలు చట్టంతో పని కానిచ్చేస్తుంది. రాజ్యసభ సంగతి అలా కాదు. ఆర్టికల్ 79 ప్రకారం పార్లమెంటు అంటేనే రాష్ట్రపతి, రెండు సభలు కలిసి. రాష్ట్రపతి ఏ సభలోనూ సభ్యుడు కాదు, కానీ ఆయన సంతకం లేకుండా ఏ బిల్లూ చట్టం కాదు. పాలిటీ రెండుసార్లు చదివినవాళ్ళు కూడా ఇక్కడ తడబడ్డారు, పార్లమెంటు అంటే రెండు సభలే అని ఠక్కున అనేశారు.

సభ్యుల సంఖ్యలు, వయసులు లాంటివి చకచకా అయిపోయాయి. లోక్‌సభలో 543, ఐదేళ్ళు, పోటీకి 25 ఏళ్ళు నిండాలి. రాజ్యసభకి రాజ్యాంగం పెట్టిన పరిమితి 250, ప్రస్తుతం 245, అందులో 12 మందిని సాహిత్యం, విజ్ఞానం, కళలు, సమాజసేవ రంగాల నుంచి రాష్ట్రపతి నామినేట్ చేస్తారు, 30 ఏళ్ళు నిండాలి, ఒక్కొక్కరికి ఆరేళ్ళ పదవీకాలం, రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోతారు, సభ మాత్రం ఎప్పుడూ రద్దు కాదు. అమెరికా సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే, మనకి మాత్రం జనాభాని బట్టి: ఉత్తరప్రదేశ్‌కి 31, తమిళనాడుకి 18, కర్ణాటకకి 12, ఆంధ్రకి 11, తెలంగాణకి 7, సిక్కింకి ఒకటి. రాష్ట్రాల సభ అని పేరుండి కూడా చిన్న రాష్ట్రానికి బలం లేకపోవడం నాకు మొదట్నుంచీ నచ్చని విషయం, క్లాసులో అడిగాను కూడా. సార్ సమాధానం దాటేయలేదు, అరగంట చర్చ పెట్టారు.

రాజ్యసభ ఎన్నిక క్లాసు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఏ పుస్తకంలో చదివినా నాకు ఎక్కని టాపిక్ ఇది. సార్ మమ్మల్ని ఇరవై మందిని ఎమ్మెల్యేలని చేసి, మూడు సీట్లకి ఎన్నిక పెట్టారు. చీటీల మీద పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యతలు వేయాలి. ఒక్కో ఓటు విలువ 100, అంటే మొత్తం 2,000. దాన్ని సీట్ల కంటే ఒకటి ఎక్కువతో, అంటే నాలుగుతో భాగించి ఒకటి కలిపితే 501. కాబట్టి గెలవాలంటే ఆరు మొదటి ప్రాధాన్యత ఓట్లు కావాలి. ఒకాయనకి ఎనిమిది పడ్డాయి, 800లోంచి 501 తీసేస్తే 299 మిగులు, ఆ ఎనిమిది కాగితాలూ ఒక్కొక్కటి 37 విలువతో రెండో ప్రాధాన్యత ఎవరికి ఉందో వాళ్ళకి వెళ్ళాయి. ఆ కాగితాలు చేతులు మారుతుంటే చూశాక ఇక మర్చిపోవడం ఉండదు. తర్వాత కర్ణాటక లెక్క మాతోనే చేయించారు: 224 మంది ఎమ్మెల్యేలు, నాలుగు ఖాళీలు, 22,400ని 5తో భాగించి ఒకటి కలిపితే 4,481, అంటే 45 ఓట్లు. ఇక్కడి పేపర్లలో రాజ్యసభ ఎన్నికలప్పుడల్లా కనిపించే ఆ 45 ఎక్కడి నుంచి వస్తుందో అప్పటిదాకా క్లాసులో చాలామందికి తెలీదు.

దానికి తోడు, 2003లో చేసిన చట్ట సవరణ నుంచి రాజ్యసభ ఎన్నికలో ఓటు రహస్యం కాదు, పార్టీ ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ని పార్టీ ఏజెంటుకి చూపించాకే పెట్టెలో వేయాలి. అదే సవరణతో, ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తున్నారో ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన కూడా పోయింది, 2006లో సుప్రీంకోర్టు కుల్‌దీప్ నయ్యర్ కేసులో ఈ రెండిటినీ సమర్థించింది. నెల్లూరు జిల్లా వెంకయ్యనాయుడు కర్ణాటక నుంచి వరసగా మూడుసార్లు రాజ్యసభకి వెళ్ళారు, అందులో మొదటిది 1998లో, అంటే సవరణకి ముందే. నిర్మలా సీతారామన్ 2014లో ఆంధ్ర నుంచి, 2016లో కర్ణాటక నుంచి. దేవెగౌడ 1996లో ప్రధాని అయ్యేటప్పటికి ఏ సభలోనూ లేరు, తర్వాత రాజ్యసభకి ఎన్నికయ్యారు. ఇలా తెలిసిన పేర్ల మీద రూలు పెట్టి చెప్తే పరీక్షలో గుర్తొస్తుంది.

సీతారామన్ ఉదాహరణనే సార్ ఇంకోచోట వాడారు, అది నాకు చాలా నచ్చింది. ఆమె రాజ్యసభ సభ్యురాలు, కానీ బడ్జెట్ ప్రసంగం చదివేది లోక్‌సభలో. మంత్రి ఏ సభలోనైనా మాట్లాడొచ్చు, ఓటు మాత్రం సొంత సభలోనే, ఇది ఆర్టికల్ 88. అంటే తను పెట్టిన పద్దులకి (శాఖల ఖర్చుల డిమాండ్లకి) లోక్‌సభలో తనే ఓటేయలేరు. ఇక రాజ్యసభ బడ్జెట్ మీద చర్చించగలదు గానీ పద్దుల మీద ఓటింగ్ ఉండదు. ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి డబ్బు విషయాలే ఉన్న బిల్లు) విషయంలో అంతకన్నా తక్కువ, 14 రోజుల్లో తిప్పి పంపాలి, సిఫార్సులు చేయొచ్చు, వాటిని లోక్‌సభ పక్కన పెట్టేయొచ్చు. ఒక బిల్లు ద్రవ్య బిల్లా కాదా అని తేల్చేది స్పీకర్. 2016లో ఆధార్ బిల్లు అలాగే ద్రవ్య బిల్లుగా వచ్చింది, రాజ్యసభ సూచించిన సవరణలన్నిటినీ లోక్‌సభ తోసిపుచ్చింది. ఆధార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు దాన్ని సమర్థించింది, జస్టిస్ చంద్రచూడ్ మాత్రం విభేదించారు. స్పీకర్ ఒక్క సర్టిఫికెట్‌తో రాజ్యసభ చేతులు కట్టేయగలరని అర్థమయ్యేసరికి క్లాసంతా ఒక్కసారిగా ప్రశ్నలు మొదలుపెట్టింది.

ఇప్పుడు ఈ మాడ్యూల్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించిన క్లాసు. మామూలు బిల్లు రెండు సభల్లోంచి ఎలా నడుస్తుందో చెప్పడానికి సార్ రాష్ట్ర పునర్విభజన బిల్లు తీసుకున్నారు. రెండు ప్రాంతాలవాళ్ళూ పక్కపక్కన కూర్చున్న గదిలో అది చెప్పడానికి ధైర్యం కావాలి. ముందే మాట తీసుకున్నారు, విడిపోవడం మంచిదా చెడ్డదా అన్నది ఇవాళ ఎవ్వరూ ఎత్తొద్దు, బిల్లు ఏ గది నుంచి ఏ గదికి వెళ్ళిందో అదొక్కటే చూద్దాం అని. ఆర్టికల్ 3 ప్రకారం రాష్ట్రపతి బిల్లుని అసెంబ్లీ అభిప్రాయం కోసం పంపారు, 2014 జనవరి 30న అసెంబ్లీ తిరస్కరించింది, కానీ ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడక్కర్లేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో ప్రవేశపెట్టిన రోజే పెప్పర్ స్ప్రే గొడవ. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా మూజువాణి ఓటుతో పాసయింది. 20న రాజ్యసభ. పెద్దల సభలో సవరణల కోసం పట్టుబట్టినవాళ్ళున్నారు, కానీ రాజ్యసభ ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్ళీ లోక్‌సభకి వెళ్ళి ఒప్పుదల తెచ్చుకోవాలి, 15వ లోక్‌సభకేమో అవే చివరి సమావేశాలు. అందుకే అడిగినవాటిలో కొన్ని బిల్లులోకి ఎక్కకుండా, ప్రధాని మన్మోహన్ సింగ్ సభలో చదివిన ప్రకటనలోకి వెళ్ళాయి, ప్రత్యేక హోదా కూడా అందులోనే ఉంది. చట్టంలో రాసిన మాటకీ సభలో ఇచ్చిన మాటకీ తేడా ఏమిటో ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? సభలో మంత్రులు ఇచ్చే హామీల వెంటపడటానికి రెండు సభల్లోనూ హామీల కమిటీలు ఉంటాయని కూడా అప్పుడే చెప్పారు. చివర్లో ఇంకో విషయం చెప్పారు, రాష్ట్రం విడిపోయాక ఉమ్మడి ఆంధ్ర 18 మంది రాజ్యసభ సభ్యులని రెండు రాష్ట్రాలకీ పంచడానికి చట్టం చెప్పిన పద్ధతి లాటరీ. ఆ రోజు క్లాసు అయ్యాక కూడా చాలాసేపు ఎవరూ కదల్లేదు. గొడవ మాత్రం జరగలేదు, అందుకు సార్‌కి దణ్ణం పెట్టాలి.

ఉమ్మడి సమావేశం క్లాసు కూడా దాదాపు అంత బాగుంది. మామూలు బిల్లు మీద రెండు సభలు పట్టుబట్టి కూర్చుంటే, లేదా ఒక సభ ఆరు నెలలు దాటినా తేల్చకపోతే, రాష్ట్రపతి రెండిటినీ కలిపి కూర్చోబెట్టొచ్చు. ఇప్పటిదాకా అలా ఓటేసి పాస్ చేసింది మూడే బిల్లులు. 1961లో వరకట్న నిషేధ బిల్లు, అప్పుడు స్పీకర్ తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్. 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, స్పీకర్ కర్ణాటక మనిషి కె.ఎస్. హెగ్డే. 2002 మార్చి 26న ఉగ్రవాద నిరోధక చట్టం పోటా బిల్లు, ఆ నెల 3వ తేదీనే అప్పటి స్పీకర్, మన జి.ఎం.సి. బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, అందుకే ఆ కుర్చీలో డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ కూర్చున్నారు. ఉమ్మడి సమావేశానికి అధ్యక్షత స్పీకర్‌దే, రాజ్యసభ ఛైర్మన్‌గా ఉండే ఉపరాష్ట్రపతిది కాదు, ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాడు కాబట్టి. బాలయోగి పేరు రాగానే ఆయన నియోజకవర్గమైన అమలాపురం అబ్బాయి ఒకడు తలొంచుకోవడం చూసి నాకూ గొంతు పట్టేసింది.

తలలు లెక్కపెడితే 543 ముందు 245 నిలబడదు, కాబట్టి ఉమ్మడి సమావేశం అంటే సాధారణంగా లోక్‌సభ మాట నెగ్గడమే. మరి పెద్దల సభకి నిజమైన బలం ఎక్కడ? రాజ్యాంగ సవరణలో. దానికి ఉమ్మడి సమావేశం లేదు, రెండు సభలూ విడివిడిగా మూడింట రెండొంతులతో పాస్ చేయాలి. 1970లో రాజభరణాల (మాజీ రాజులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) రద్దు సవరణ లోక్‌సభలో పాసై రాజ్యసభలో 149 అనుకూలం, 75 వ్యతిరేకంగా ఓడిపోయింది, మూడింట రెండొంతులు అంటే 149.33, అదీ తేడా. 1989లో పంచాయతీల మీద తెచ్చిన 64వ సవరణ బిల్లు, పట్టణ సంస్థల మీద 65వది, రెండూ రాజ్యసభలోనే ఆగిపోయాయి. రాష్ట్రాల జాబితాలోని అంశం మీద పార్లమెంటుకి చట్టం చేసే వీలు కల్పించే ఆర్టికల్ 249 తీర్మానం, ఐఏఎస్, ఐపీఎస్ లాంటి కొత్త అఖిల భారత సర్వీసు కోసం ఆర్టికల్ 312 తీర్మానం, ఇవి రెండూ రాజ్యసభ ఒక్కదాని చేతిలోవి. అవిశ్వాసం మాత్రం లోక్‌సభ ఒక్కదానిదే, మంత్రివర్గం జవాబుదారీ ఆ సభకే. రాజ్యసభని రబ్బరు స్టాంపు అని తీసిపారేసేవాళ్ళకి 1970 ఓటింగ్ ఒక్కటి చెప్తే చాలు.

ఇక తగ్గిన మార్కు సంగతి. ప్రింటెడ్ నోట్సు పాతది. లోక్‌సభ గరిష్ఠ సంఖ్య ఇంకా 552 అనీ, ఆంగ్లో ఇండియన్లు ఇద్దర్ని నామినేట్ చేస్తారనీ ఉంది. 104వ సవరణతో 2020 జనవరిలోనే అది అయిపోయింది, ఇప్పుడు రాజ్యాంగంలో ఉన్నది 550. రాజ్యసభ ప్రశ్నోత్తరాల సమయం 11 గంటలకి అని వేశారు, 2014 నవంబర్ నుంచి అది మధ్యాహ్నం 12కి మారింది, లోక్‌సభకి మాత్రమే 11. కొత్త పార్లమెంటు భవనానికి 2023 మే 28న ప్రారంభోత్సవం జరిగింది, లోక్‌సభ హాల్లో 888, రాజ్యసభలో 384 సీట్లు, నోట్సులో దాని ఊసే లేదు. మహిళా రిజర్వేషన్ల 106వ సవరణ లోక్‌సభకీ అసెంబ్లీలకే గానీ రాజ్యసభకి వర్తించదన్న ముఖ్యమైన సంగతీ లేదు. సార్ నోటితో ఇవన్నీ సరిగ్గానే చెప్తారు, కానీ క్లాసు మిస్సయి నోట్సు మీద ఆధారపడినవాడు ప్రిలిమ్స్‌లో మార్కులు పోగొట్టుకుంటాడు. మూడున్నర వేలు తీసుకుంటున్నప్పుడు ఏడాదికోసారి ఆ నాలుగు పేజీలు మార్చి ప్రింట్ వేయించడం కష్టమేమీ కాదు. సార్‌కి చెప్పాను, చూస్తానన్నారు.

రెండో లోపం పార్లమెంటు కమిటీల క్లాసు. చివరి రోజు ముప్పావు గంటలో లాగించేశారు. ఇది నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే బిల్లుని కూర్చుని వాక్యం వాక్యం చదివేది అక్కడే. శాఖలవారీ స్థాయీ సంఘాలు 24, ఒక్కోదాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10, వీటిలో 16 స్పీకర్ కింద, 8 రాజ్యసభ ఛైర్మన్ కింద. మంత్రులు వీటిలో ఉండరు. ప్రజా పద్దుల కమిటీలో 22 మంది, రెండు సభలవాళ్ళూ ఉంటారు, 1967 నుంచి ఛైర్మన్ ప్రతిపక్షం మనిషి. అంచనాల కమిటీలో 30 మందీ లోక్‌సభవాళ్ళే. ఇలా చదివితే అంకెలే, ఒక బిల్లుని కమిటీకి పంపితే ఏం మారిందో పునర్విభజన బిల్లు చెప్పినట్టు చెప్పుంటే ఎంత బాగుండేది! మెయిన్స్‌లో వచ్చేది ఈ ప్రశ్నలే. నేను తర్వాత సొంతంగా చదువుకోవాల్సి వచ్చింది.

మిగతావి చిన్నవి. రాసిన ఆన్సర్లు దిద్ది ఇవ్వడం ఆలస్యం అవుతుంది, కానీ దిద్దినప్పుడు మార్జిన్ నిండా రాస్తారు. బండి పెట్టుకోడానికి చోటు లేదు, బస్సులో రావడమే మేలు. వెనక బెంచీలో ఫ్యాన్ మోతకి వినపడదు. అమ్మాయిలు బాగానే వస్తారు, ఏడింటికల్లా గది తెరిచి ఉంటుంది, బయట నిలబడాల్సిన పని లేదు.

పాలిటీ ఒక్కసారి కూడా చదవనివాళ్ళు ముందు ప్రాథమిక హక్కుల మాడ్యూల్ చేసి రండి, లేకపోతే రెండో క్లాసుకే వేగం అందుకోలేరు. ఇంగ్లీషు మీడియంలో రాసేవాళ్ళు కూడా రావచ్చు, టర్మ్‌లు రెండు భాషల్లోనూ బోర్డు మీద రాస్తారు. కొత్త బ్యాచ్ సంక్రాంతి సెలవుల తర్వాత అని చెప్పారు, ఒక క్లాసు ఉచితంగా కూర్చోనిస్తారు. రాజ్యసభ ఎన్నిక పెట్టే రోజు ఎప్పుడో అడిగి ఆ రోజే వెళ్ళండి, చీటీ మీకూ ఒకటి ఇస్తారు.